సంతకం ఎవరిది?

పోయిన నెలలో మా ఇంటి మంచినీళ్ళ యంత్రం మూలనపడింది. పిల్లలు అంతర్జాలంలో కొని పంపినది. హామీ గడువు ఇంకా ఏడు నెలలు ఉన్నది కదా అన్న ధీమాతో ఫోను చేశాను. పదకొండు రోజులలో ఆరుగురు నాతో మాట్లాడారు. ఆరుగురూ మొదట తమ పేరు చెప్పారు, చివర ఒక ఫిర్యాదు సంఖ్య చెప్పారు. నడుమ చెప్పినది మాత్రం ఆరుగురిదీ ఒకటే పాఠం. ఆరవసారి మాట్లాడినది ఒక ఆడపిల్ల. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పిల్లల మధ్య గడిపినవాణ్ణి, ఏ తరగతిలోనూ ఎత్తనంత గొంతు ఆ పిల్లమీద ఎత్తాను. ఆమె అడ్డు రాలేదు. నేను అలసి ఆగిన తరువాత, "మీ బాధ అర్థమైంది సార్, కాని మనిషిని పంపే అధికారం నాకు లేదు సార్" అన్నది.

ఫోను పెట్టేసి కూర్చున్నాక, కోపం దిగి సిగ్గు ఎక్కింది. తెలుగు పండితునికి సిగ్గు వేసినా జ్ఞాపకం వచ్చేది గ్రంథాలే. ఆ పిల్ల చెప్పినది కౌటిల్యుడు అర్థశాస్త్రం మొదటి అధికరణంలో చెప్పినదే. దూతలు మూడు విధాలు: నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు. మొదటివానికి సర్వాధికారం ఉంటుంది. సమయానుసారంగా తానే మాట ఇచ్చి రాగలడు. రెండవవానికి హద్దు గీసి పంపుతారు. మూడవవాడు ఉత్తరం మోసేవాడు మాత్రమే. ఉద్యోగపర్వం పాఠం చెప్పేటప్పుడు ఈ భేదాన్ని పిల్లలకు ఎన్నిసార్లు విడమరచి చెప్పానో! ద్రుపద పురోహితుడు వెళ్ళాడు, సంజయుడు వచ్చాడు, చివరకు శ్రీకృష్ణుడు వెళ్ళాడు. ముగ్గురిదీ రాయబారమే, ముగ్గురి అధికారమూ ఒకటి కాదు. సంజయుణ్ణి పట్టుకొని ఐదూళ్ళూ ఇచ్చి కదలమంటే అతడేమి చేయగలడు? నేను చేసినది అదే.

కౌటిల్యుడు మరొక మాట కూడా అన్నాడు. దూత ఎవరైనా వధ్యుడు కాడు. ఎందుకంటే అతడు పలికేది తన మాట కాదు, పరుల మాట. లంకలో విభీషణుడు అన్నగారికి చెప్పిన ధర్మమూ ఇదే. రావణుడు ఆ ధర్మాన్ని అంగీకరించి హనుమంతుణ్ణి చంపలేదు గాని తోకకు నిప్పు పెట్టించాడు. ఫోనులో మనం చేసే పని ఇంచుమించు ఇటువంటిదే.

ఆ సిగ్గులోంచి పుట్టినదే ఈ టపా. వర్తక సంస్థ తరఫున నిలబడి కొనుగోలుదారుకు జవాబు చెప్పే మనిషి ఎప్పటినుంచి ఉన్నాడు, అతని జవాబు కింద ఎవరి సంతకం ఉండేది అని కొంత చదివాను. మిత్రులతో పంచుకోవాలనిపించింది.

లోకంలో మిగిలిన వర్తక ఫిర్యాదులలో అతి పురాతనమైనదిగా పేరుపడినది ఒక మట్టిపలక. సుమారు క్రీ.పూ. 1750 నాటిది. మెసొపొటేమియాలోని ఉర్ నగరంలో దొరికింది, ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. నన్ని అనేవాడు ఎఆ-నాసిర్ అనే రాగి వర్తకునికి అక్కాడియన్ భాషలో వ్రాయించిన ఉత్తరమది. మంచి రాగి దిమ్మలు ఇస్తానని నాసి సరుకు చూపించావని ఒక గోడు. అయితే ఆ ఉత్తరంలో నన్ని ఎక్కువ మండిపడినది సరుకు గురించి కాదు, తన దూతల గురించి. శత్రుభూమి గుండా మనుషులను పంపితే, కావాలంటే తీసుకో లేకపోతే పో అన్నట్లు మాట్లాడి వట్టి చేతులతో తిప్పి పంపావే, నన్ను ఏమనుకొన్నావు అని నిలదీస్తాడు. ఇకమీదట నా ముంగిట్లో నేనే ఒక్కొక్క దిమ్మనూ ఏరి తీసుకొంటానంటాడు. ఆ వర్తకుని ఇల్లుగా భావిస్తున్న చోట ఇటువంటి ఫిర్యాదులు మరికొన్ని కూడా దొరికాయి. ఆనాడు దూతలు కొనుగోలుదారు వైపు ఉండేవారు, మాటలు పడేవారు వాళ్ళే. వర్తకుడు తన గుమ్మంలో తానే నిలబడి తన నోటితోనే దురుసుగా జవాబు చెప్పాడు. దురుసుతనం సంగతి ఎలా ఉన్నా, జవాబు ఎవరిదన్న అనుమానం మాత్రం లేదు.

వర్తకుడు ఒక్క మనిషి కాక సంస్థ అయినప్పుడు చిక్కు మొదలయింది. సంస్థకు నోరు లేదు. ఎవరిదో ఒకరిది అరువు తెచ్చుకోవాలి. మన తెలుగు తీరం ఈ సంగతిని తొందరగానే చూసింది. ఇంగ్లీషు కుంపిణీ 1611లో మచిలీపట్నంలో కొఠారు పెట్టింది. దొరకు మన మాట రాదు, సాలెవానికి దొర మాట రాదు, నడుమ దుబాసీ. ద్విభాషి అన్న మంచి మాటకే ఆ రూపం వచ్చింది. సాలెవాడు కొనుగోలుదారు కాదు, నేసి ఇచ్చేవాడు. పోలిక పూర్తిగా కుదరదని నాకూ తెలుసు. అయినా అతనికి కుంపిణీ అంటే కంటికి కనబడే దుబాసీయే. ఆ దుబాసీ చెప్పినది కుంపిణీ మాటో, దొర సొంత మాటో, తన సొంత మాటో తేల్చుకొనే దారి లేదు. మద్రాసులో హాలండ్ సోదరులు గవర్నరు పీఠంలో ఉన్న రోజులలో వారి దుబాసీ అవధానం పాపయ్య చక్రం తిప్పాడు. తరువాత 1792లో అతనిపై కుట్ర నేరం రుజువై శిక్ష పడింది. ఇంగ్లీషు నవలాకారుడు వాల్టర్ స్కాట్ 1827 నాటి తన కథలోకి కూడా ఈ పాపయ్యను లాక్కొని వెళ్ళాడు. శాసనహరుడు నిసృష్టార్థుని వేషం కడితే ఏమవుతుందో చెప్పడానికి మన దగ్గర అంతకన్న మంచి ఉదాహరణ లేదు.

ఇక నన్ను నిజంగా ఆశ్చర్యపరచిన కథకు వస్తాను. అది అమెరికాది, పిండి వ్యాపారానిది.

మినియాపొలిస్ నగరంలో వాష్‌బర్న్ క్రాస్బీ అనే పిండిమరల కంపెనీ ఉండేది. గోల్డ్ మెడల్ వారి గోధుమపిండి. 1921లో వారు ఒక పత్రికలో బొమ్మల చిక్కుముడి ప్రకటన వేశారు. ముక్కలు సరిగా అతికించి పంపినవారికి పిండిబస్తా ఆకారంలో ఉన్న చిన్న గుండుసూదుల మెత్త బహుమానం. జవాబులు వేలల్లో వచ్చాయి. అది వారు ఊహించినదే. ఊహించనిది మరొకటి జరిగింది. ఆ కవర్లలో కొన్ని వందల ఉత్తరాలు కూడా వచ్చాయి. రొట్టెపిండిని ఎంతసేపు పిసకాలి, కేకు పొంగక అణగిపోతున్నదేమి, ఇటువంటి ప్రశ్నలు. ఎవరూ అడగమనలేదు. పిండి అమ్మేవానికి పిండి సంగతి తెలిసి ఉంటుందని ఆ ఇల్లాండ్రు నమ్మారు, అంతే. మన ఇళ్ళలో మైసూరుపాకు రాయి అయితే గోడమీదుగా పక్కింటి పిన్నిగారిని అడుగుతాము. పల్లెకు దూరంగా పొలాలలో ఇళ్ళు కట్టుకొన్న ఆ దేశపు ఆడవాళ్ళలో చాలామందికి పక్కిల్లే లేదు.

కంపెనీ ప్రకటనల శాఖాధిపతి శామ్యూల్ గేల్ అనే పెద్దమనిషి. వచ్చిన ప్రశ్నలకు కంపెనీలోని ఆడవాళ్ళను అడిగి జవాబులు సిద్ధం చేయించాడు. కాని కింద సంతకం చేయడానికి అతని చేయి ఆడలేదు. వంట సంగతి మగవాడు చెబితే ఏ ఇల్లాలు నమ్ముతుంది? అలాగని ఆ జవాబులు చెప్పిన స్త్రీలలో ఒకరి పేరు పెట్టాలని కూడా తోచలేదు. లేని మనిషిని పుట్టించారు. కంపెనీలో డైరెక్టరుగా చేసి విరమించిన విలియం క్రాకర్ గారి ఇంటిపేరు తీసుకొన్నారు. దానికి ముందు చెవికి చనువుగా ఉంటుందని బెట్టీ అని చేర్చారు. బెట్టీ క్రాకర్. ఉద్యోగినుల చేత ఆ పేరును సంతకంగా వ్రాయించి చూసి, ఫ్లోరెన్స్ లిండెబర్గ్ అనే ఆమె వ్రాతను ఎంపిక చేశారు. ఇంటిపేరు ఒకరిది, దస్తూరి మరొకరిది, తెలివి ఇంకెందరిదో.

తరువాత గొంతు వచ్చింది. కంపెనీవారు ఒక రేడియో కేంద్రాన్ని కొని తమ పేరులోని పొడి అక్షరాలనే దానికి పెట్టారు. 1924లో అందులో బెట్టీ వంటపాఠాలు మొదలయ్యాయి. కొన్నాళ్ళకు వేర్వేరు ఊళ్ళ కేంద్రాలలో వేర్వేరు స్త్రీలు అదే పాఠాన్ని అదే పేరుతో చదివారు. 1928లో కంపెనీ జనరల్ మిల్స్‌గా మారింది. 1936లో ముఖం వచ్చింది. నేసా మెక్‌మీన్ అనే చిత్రకారిణి, గృహసేవా శాఖలో పనిచేసే స్త్రీల పోలికలు కలిపి ఒక చిత్రం వేసింది. సంతకానికి గొంతు, గొంతుకు ముఖం. మన పురాణాలలో అశరీరవాణి అశరీరవాణిగానే ఉండిపోతుంది గాని, ఈమె మెల్లమెల్లగా శరీరం తొడుక్కొన్నది. 1945లో ఫార్చ్యూన్ పత్రిక అమెరికాలో ఎక్కువమందికి తెలిసిన స్త్రీలలో ఎలినార్ రూజ్‌వెల్ట్ తరువాత స్థానం ఆమెదేనన్నది. రాష్ట్రపతి భార్య తరువాత, పుట్టని మనిషి!

దీనిని మోసం అనవచ్చునా? చాలా రోజులు నేను తేల్చుకోలేకపోయాను. ఎందుకంటే జవాబులు మోసం కావు. వెనుక వంటగదులు ఉండేవి. చదువుకొన్న గృహవిజ్ఞానవేత్తలు ప్రతి వంటకాన్నీ చేసి చూసి తరువాతనే వ్రాసేవారు. ఆ శాఖను చాలాకాలం నడిపినది మార్జరీ చైల్డ్ హస్టెడ్. రేడియోకు పాఠం వ్రాసినది ఆమె, ఏళ్ళ తరబడి గొంతు ఇచ్చినదీ ఆమె. 1930ల ఆర్థికమాంద్యంలో, కొలువు పోయిన ఇళ్ళలో ఉన్న కొద్దిపాటి సరుకుతో ఎలా వండుకోవాలో బెట్టీ పేరుతో చెప్పారు. యుద్ధకాలంలో రేషను సరుకుల సంగతి చెప్పారు. వంట మాత్రమే కాక మనసులోని దిగులు చెప్పుకొన్న ఉత్తరాలు వచ్చాయి, పెళ్ళాడతామని మగవాళ్ళు వ్రాసిన ఉత్తరాలు కూడా వచ్చాయట. వాటికీ ఒక మనిషి కూర్చుని చదివి జవాబు వ్రాసింది. ఆ మనిషి పేరు మాత్రం ఉత్తరంలో లేదు.

నాకు బాధ కలిగించే సంగతి అదే. అబద్ధం అడిగినవారికి చేసిన అన్యాయం కొంతయితే, చెప్పినవారికి చేసినది అంతకన్న పెద్దది. కంపెనీ వంటగదులను చూడడానికి వచ్చిన యాత్రికులు బెట్టీ ఏదీ అని అడిగేవారట. అటువంటి మనిషే లేదని తెలిసి కన్నీళ్ళు పెట్టుకొన్నవారు ఉన్నారట. వారు వెదికిన మనిషి ఆ గదిలోనే, గరిట పట్టుకొని వారి ఎదుట నిలబడి ఉన్నది! ఆమెను చూసి కూడా లేని మనిషి కోసం ఏడ్చారు. ఆ బొమ్మను తరువాత చాలాసార్లు మార్చారు. 1996లో 75 మంది స్త్రీల ఛాయాచిత్రాలను కంప్యూటరులో కలిపి కొత్త ముఖం చేశారు. పేరు ఇప్పటికీ డబ్బాలమీద ఉన్నది.

ఇదే కాలంలో మన దగ్గర ఏమి జరిగిందో తలచుకోకుండా ఉండలేను. 1950లలో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు ప్రమదావనం మొదలుపెట్టారు. నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. వంట, పిల్లల పెంపకం, అత్తాకోడళ్ళ తగవులు, దేశదేశాల సంగతులు, ఏది అడిగినా జవాబు. మా అమ్మ ఆ పుటలను చింపి సూదితో కుట్టి దాచుకొనేది. ఆమె వస్తువు అమ్మే సంస్థ మనిషి కాదు, పత్రికా రచయిత్రి. పోలిక అక్కడ ఆగుతుంది. కాని కింద ఉన్న పేరు గల మనిషి మద్రాసులో నిజంగా ఉన్నది. నవలలు వ్రాసింది, 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకొన్నది, 2013లో కన్నుమూసింది. తప్పు చెబితే ఆమెనే అడగవచ్చు. లేని మనిషికి చావు లేదు, నిజమే. లేని మనిషిని తప్పు పట్టడానికీ లేదు.

టెలిఫోను వచ్చాక కథ మలుపు తిరిగింది. 1967లో అమెరికాలో పిలిచినవారికి ఖర్చు పడని 800 సంఖ్యలు వచ్చాయి. 1980ల నాటికి పెద్ద కంపెనీలు చాలా ప్రశ్నలకు ఫోనులోనే జవాబు చెప్పసాగాయి. వీటిలో నాకు ముచ్చట కలిగించినది బటర్‌బాల్ అనే టర్కీకోళ్ళ కంపెనీది. నవంబరు నాలుగవ గురువారం వారికి పెద్ద పండుగ, ఆనాడు టర్కీకోడిని నిలువునా కాల్చి వడ్డించాలి. ఏడాదికి ఒక్కసారి చేసే వంట కనుక అందరికీ భయమే. 1981లో ఆరుగురు గృహవిజ్ఞానవేత్తలను ఫోనుల దగ్గర కూర్చోబెడితే ఆ ఒక్క పండుగకు 11,000 పిలుపులు వచ్చాయి. ఆ పద్ధతి ఆగలేదు; 2013లో మగవాళ్ళను కూడా చేర్చుకొన్నారు. గేల్ గారు సంతకం చేయడానికి జంకిన తొంభై రెండేళ్ళకు! వీరి అధికారం ఒక కోడి వరకే. కాని ఆ కోడి విషయంలో వీరు నిసృష్టార్థులు. ఎదుటివాని పొయ్యి ఎటువంటిదో, పొద్దెంత ఉన్నదో అడిగి తెలుసుకొని అప్పటికప్పుడు సొంతంగా ఆలోచించి చెప్పగలరు.

ఆ అధికారం లేని ఫోను ఎలా ఉంటుందో మన పిల్లలు చూశారు. 1990ల చివర అమెరికా, ఇంగ్లండు కంపెనీల ప్రశ్నలు సముద్రం దాటి గుర్‌గావ్‌కు, బెంగుళూరుకు, మన హైదరాబాదుకు రాసాగాయి. పగలు అక్కడిది, రాత్రి మనది. పిల్లలకు యాస మార్చే శిక్షణ ఇచ్చేవారు; చాలాచోట్ల పేరు కూడా మార్చేవారు. నా శిష్యుడొకడు అటువంటి చోట మూడేళ్ళు చేశాడు. బడిలో ఉన్నప్పుడు పద్యం ఎత్తితే వరండాలో పోయేవాళ్ళు ఆగేవారు, అంత గొంతు. ఏడుకొండలవాని పేరు వానిది. రాత్రి పదింటినుంచి తెల్లవారి ఆరింటిదాకా డేవిడ్.

ఒక సంక్రాంతికి వాళ్ళ ఇంటికి వెళితే, వాళ్ళమ్మ గారెలు పెడుతూ నవ్వుతూనే చెప్పింది, "మాష్టారూ, వీడు నిద్రలో ఫోను మోగితే డేవిడ్‌నంటాడండీ. మొన్న మా అన్నయ్య చేస్తే ఎవరో దొరకు పోయిందనుకొని పెట్టేశాడు." అందరం నవ్వాము. పెరట్లోకి వెళ్ళాక వాణ్ణి అడిగాను, పేరు మార్చుకోవడం కష్టంగా లేదురా అని. "మొదట్లో ఉండేదండి. ఇప్పుడు అదే నయమనిపిస్తుంది. వాళ్ళు తిట్టేది డేవిడ్‌ను కదండీ" అన్నాడు. కొంచెం ఆగి, "పొగిడినా డేవిడ్‌నేననుకోండి" అన్నాడు. అప్పుడు నాకు ఏమీ తోచలేదు. బెట్టీ కథ చదివినప్పుడు ఆ పెరడు, వాని ముఖం కళ్ళముందుకు వచ్చాయి. బెట్టీది మనిషి లేని పేరు. వీనిది పేరు లేని మనిషి.

ఇటీవలి సంగతులు క్లుప్తంగా చెబుతాను. ఇప్పుడు జవాబు చెప్పేది చాలాచోట్ల యంత్రం. దానికీ పేరు పెడతారు, తరచుగా ఆడపేరు, హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు 2017లో తన ప్రశ్నోత్తర యంత్రాన్ని ఎవా అన్నది. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక చట్టం అమలులోకి వచ్చింది, వస్తువు అమ్మడానికి మాట్లాడేది యంత్రమైతే ఆ సంగతిని దాచి మోసగించరాదని. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అంతర్జాలంలో అమ్మే ప్రతి సంస్థా ఫిర్యాదులు చూసే అధికారిని నియమించాలి. అతని పేరు, హోదా, సంప్రదించే వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈ నియమం చదివినప్పుడు నాకు మిగిలిన అంకెలకన్న ఆ 'పేరు' అన్న ఒక్క మాట గొప్పగా తోచింది. నూరేళ్ళకు మళ్ళీ సంతకం కింద మనిషి ఉండాలని ఒక ప్రభుత్వం అడిగింది.

పన్నెండవ రోజున ఆ అధికారి పేరు వెదికి పట్టుకొని తెలుగులోనే ఉత్తరం వ్రాశాను, కింద మా అబ్బాయి చేత ఇంగ్లీషు చేయించి చేర్చాను. మర్నాడు అందినట్లు జవాబు వచ్చింది. అయిదవ రోజున మెకానిక్ వచ్చి, సంచిలోంచి మోటారు తీసి బిగించి, టీ తాగి వెళ్ళాడు. సరిపోయిందా అని అధికారి పేరుతో మరొక ఉత్తరం వచ్చింది. సరిపోయిందని వ్రాసి, ఫలానా తేదీ సాయంత్రం నాతో మాట్లాడిన అమ్మాయికి నా క్షమాపణ అందజేయవలసిందని కోరాను. ఆమె ఏమని చెప్పిందో పేరు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఆరుగురూ మొదటి మాటగా పేరే చెప్పారు. నేను మాత్రం ఫిర్యాదు సంఖ్య ఒక్కటే కాగితం మీద వ్రాసుకొన్నాను.